టెహ్రాన్ నుంచి వచ్చిన పిల్లాడు బడిలో నోరు విప్పడం లేదు

ప్రశ్న

కెనడాలో టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ నుంచి ఒక పాఠకురాలు 2025 చివర్లో పెద్ద ఉత్తరమే రాశారు. ఆమెది గుంటూరు. భర్త ఇరాన్ దేశస్థుడు, ఉస్మానియాలో చదివే రోజుల్లో పరిచయం. ఇప్పుడు ఆయనకు కెనడా పౌరసత్వం ఉంది. ఇద్దరికీ మూడేళ్ల పాప. భర్తకు మొదటి పెళ్లిలో పుట్టిన పదేళ్ల బాబు మొన్న ఆగస్టులో టెహ్రాన్ నుంచి వచ్చి వీళ్ల దగ్గర ఉంటున్నాడు. ఏడేళ్ల దాకా తల్లి దగ్గర, ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకున్నాక నానమ్మ దగ్గర పెరిగాడు. 2025 జూన్‌లో టెహ్రాన్ మీద పన్నెండు రోజులు బాంబులు పడ్డప్పుడు నానమ్మతో కాస్పియన్ తీరంలో చుట్టాలింటికి పోయి తలదాచుకున్నాడు.

సెప్టెంబరులో అయిదో తరగతిలో చేరాడు. మూడు నెలలు దాటినా క్లాసులో ఒక్క మాట లేదు. నవంబరు ప్రోగ్రెస్ రిపోర్టులో లెక్కలు కూడా బాగాలేవు. టెహ్రాన్‌లో అదే సబ్జెక్టులో ముందుండేవాడు. నేర్చుకోవడంలో ఏదైనా లోపం ఉందేమో, పరీక్ష చేయిద్దామా అని టీచరు అడుగుతున్నారు. లంచ్ డబ్బా సగం రోజులు అలాగే వెనక్కి వస్తోంది. దీపావళి రాత్రి బయట టపాకాయల మోత విని బట్టల అలమరలో దూరాడు. అప్పటినుంచి వారానికి రెండు మూడు రాత్రులు పక్క తడుపుతున్నాడు. ఇంగ్లీషు తొందరగా రావాలని భర్త ఇంట్లో ఫార్సీ మాట్లాడటం మానేశారు. నానమ్మకు వీడియో కాల్ చేస్తే పిల్లాడు ముఖం తిప్పుకుంటున్నాడు. "నన్ను ఏమనీ పిలవడు. ఒకసారి మాత్రం 'ఖాలే' అన్నాడు. వేసవికి టెహ్రాన్ పంపేద్దామని మా ఆయన అంటున్నారు. పంపితే సవతి తల్లి వెళ్లగొట్టిందంటారు. పంపకపోతే పిల్లాడు ఏమైపోతాడోనని భయం. ఏం చేయమంటారు?"

సమాధానం

ముందు పరీక్ష సంగతి, పంపడం సంగతి రెండూ కొన్నాళ్లు పక్కన పెట్టండి. మాట రాకపోవడం, లెక్కలు తప్పడం, తిండి, పక్క తడపడం, భయం, ఇవన్నీ ఒకే రోగానికి లక్షణాలని మీ ఇద్దరూ, టీచరూ అనుకుంటున్నారు. చాలావరకు వేటి కారణం వాటికే ఉంది, కొన్నిటిది పది రోజుల పని. అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది మాత్రం మీ ఇంట్లోనే ఉంది: ఫార్సీ మీద పెట్టిన నిషేధం. దాని దగ్గరికి వస్తాను.

మౌనం గురించి. కొత్త భాషలో వచ్చి పడ్డ పిల్లలు మొదట చాలాకాలం వింటారు, గమనిస్తారు, మాట్లాడరు. కొందరికి కొన్ని వారాలు, కొందరికి ఆరేడు నెలలు పడుతుంది. మీ చుట్టుపక్కల తెలుగు ఇళ్ల పిల్లలతో వీణ్ణి పోల్చకండి. గుంటూరు నుంచి వెళ్లే పిల్లలు ఏదో ఒక ఇంగ్లీషు మీడియంలో చదివి వెళ్తారు. ఇరాన్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మొదలయ్యేదే ఏడో తరగతిలో. ప్రాథమిక బడుల్లో చెప్పకూడదని 2018లో అధికారికంగా ప్రకటించారు కూడా. ప్రైవేటు క్లాసులకు పోతే తప్ప మీ బాబుకు అక్షరాలు కూడా కొత్తే. అక్కడ రాత కుడి నుంచి ఎడమకు, పెద్దక్షరాలు చిన్నక్షరాలు అన్న తేడా లేదు, పొట్టి అచ్చులు రాయనే రాయరు. అందుకే ఇంగ్లీషు మాటలు రాసేటప్పుడు అచ్చులు ఎగిరిపోతాయి. మాటలో కూడా చిక్కులున్నాయి. 'స్కూల్' అనలేక 'ఎస్కూల్' అంటారు, మన పల్లెల్లో ఇస్కూలు అన్నట్టే. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఫార్సీలో సర్వనామం ఒక్కటే కాబట్టి టీచరమ్మను కూడా 'హీ' అనేస్తారు. ఒకసారి క్లాసు నవ్విందంటే పదేళ్లవాడు ఇక నోరు మూసుకోవడమే క్షేమం అనుకుంటాడు.

ఇక్కడ భాషావాడకంలో ఒక తేడా తెలుసుకోవాలి. ఆటస్థలంలో నెగ్గుకురావడానికి కావలసిన ఇంగ్లీషు ఏడాది, రెండేళ్లలో వస్తుంది. పాఠ్యపుస్తకంలో తోటివాళ్లతో సమానంగా చదవడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జిమ్ కమ్మిన్స్ 1979 నాటికే ఈ రెండిటినీ వేరు చేసి చూపించారు. వచ్చే ఏడాది మీ బాబు గలగలా మాట్లాడుతూ పరీక్షల్లో వెనకబడితే అప్పుడు కంగారు పడకండి, ఇప్పుడే చెబుతున్నాను.

భాషతో సంబంధం లేని చిన్న విషయాలు కొన్ని టీచరుకు తెలియవు. ఇరాన్‌లో ఒకటో తరగతి నుంచే మగపిల్లల బడి వేరు, ఆడపిల్లల బడి వేరు. ఆడపిల్లల పక్కన కూర్చుని గ్రూపు పని చేయడం వాడికి ఇదే మొదటిసారి. తల తిప్పుకుంటే అది సిగ్గు, చులకన కాదు. పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూడకపోవడం మర్యాద. 'కాదు' అనడానికి ఇరానీలు తల కాస్త పైకెత్తి, కనుబొమలు లేపి, నాలుకతో 'నుచ్' అంటారు. తెలియనివాళ్లకు అది పొగరులా ఉంటుంది. మీరు కూడా చూసుకోండి: 'సరే' అనడానికి మనం తల అటూ ఇటూ ఊపుతాం. వాడికి అది కాదన్నట్టు కనబడవచ్చు. ఇంట్లో కొన్ని గొడవలు దీంతోనే మొదలవుతుంటాయి.

ఇక లెక్కలు. నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే ఉంది. నాలుగేళ్లు వాడు రాసిన అంకెలు వేరు. ఫార్సీలో సున్నా అంటే చిన్న చుక్క. అయిదు దాదాపు గుండ్రంగా ఉంటుంది, తలకిందులు చేసిన హృదయాకారంలా. తొందరలో ఇక్కడి సున్నాను అయిదుగా చదువుతాడు, పదిని పదిహేను అనుకుంటాడు. తాను ముప్ఫై రాస్తే మూడు పక్కన చుక్క పెడతాడు. టీచరుకు అది మూడుగానే కనిపిస్తుంది. దశాంశాలు ఇంకా చిక్కు. అక్కడ దశాంశ బిందువు బదులు ఏటవాలు గీత గీస్తారు. వాడి కంటికి 2/5 అంటే రెండున్నర. ఇక్కడి వర్క్‌షీటులో అదే 2/5 అంటే అయిదింట రెండు. భాగహారంలో మనం భాజకాన్ని ఎడమవైపు రాస్తాం. ఇరాన్‌లో కుడివైపు గీత గీసి రాసి, భాగఫలాన్ని దాని కింద వేస్తారు. సరైన జవాబు తప్పు చోట ఉంటే దిద్దేవాళ్ల కంటికి ఆనదు. మాటల్లో ఇచ్చే లెక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు, అవి సగం ఇంగ్లీషు పరీక్షే.

తేల్చుకోవడం సులువు. మీ ఆయన చేత పది లెక్కలు ఫార్సీ అంకెలతో, ఫార్సీ మాటలతో రాయించండి. కూడిక, తీసివేత, భాగహారం, ఒక దశాంశం, రెండు మాటల లెక్కలు ఉండాలి. రెండు రోజులాగి అంతే కష్టమున్న పది లెక్కలు ఇక్కడి పద్ధతిలో ఇవ్వండి. మొదటి కాగితం బాగా చేసి రెండోదానిలో తడబడితే లోపం అంకెల్లో ఉంది, తలలో లేదు. రెండు కాగితాలూ టీచరు దగ్గరికి తీసుకెళ్లండి, ఏ వివరణకన్నా అవి బాగా మాట్లాడతాయి. రెండిట్లోనూ ఒకేలా తప్పితే అదీ తెలుసుకోవలసిన విషయమే. అంకెలకైతే మందు ఒకటే: రెండు వరసల అట్టముక్క, పైన ఫార్సీ అంకె, కింద ఇక్కడిది, బడి బల్ల మీద అతికించి ఉంచడం. సున్నాను పూర్తిగా చుట్టి రాయడం రోజుకు అయిదు నిమిషాలు అలవాటు చేయించండి.

పరీక్ష విషయంలో మీకు మూడు దారులున్నాయి. ఇప్పుడే ఒప్పుకుంటే అది ఇంగ్లీషులో జరుగుతుంది, ఇంగ్లీషు రాకపోవడాన్నే కొలుస్తుంది. ఆ కాగితం ఫైల్లో ఉండిపోయి, వాడి నుంచి తక్కువ ఆశించడానికి సాకవుతుంది. అస్సలు వద్దంటే, నిజంగా ఏదైనా ఉన్నప్పుడు రెండేళ్లు వృథా. పైగా టీచరుతో చెడుతుంది, ఆవిడ పాపం మంచికే అడుగుతోంది. నేనైతే మధ్యదారి వైపు మొగ్గుతాను. ఈమెయిల్‌లో రాయండి: ముందు ఈఎస్‌ఎల్ వాళ్లు, అంటే ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలకు చెప్పే టీచర్లు, ఇంగ్లీషు ఏ మెట్టు మీద ఉందో చెప్పాలి, లెక్కలు మాతృభాషలో చూడాలి, ఫిబ్రవరి రిపోర్టు కార్డు తర్వాత అందరం కూర్చుని పరీక్ష సంగతి మాట్లాడుకుందాం, అప్పుడు అవసరమైతే ఫార్సీ దుబాసీతో చేయించండి, అని. టెహ్రాన్ కార్నామేలను, అంటే మార్కుల పత్రాలను, అనువదించి జత చేయండి. అక్కడ ప్రాథమిక తరగతుల్లో అంకెలు వేయరు, 'చాలా బాగుంది' నుంచి 'ఇంకా కృషి చేయాలి' వరకు నాలుగు మెట్లే ఉంటాయి. ఆ ముక్క కూడా పైన రాయండి, లేకపోతే మార్కులేవని అడుగుతారు. ఈలోగా చెవులు, కళ్లు పరీక్ష చేయించండి. 19 ఏళ్ల లోపువాళ్లకు కంటి పరీక్ష ఓహిప్ కింద, అంటే మీ ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద వస్తుంది. పేలుళ్లు విన్న పిల్లాడు కాబట్టి చెవుల పరీక్ష మానొద్దు.

ఆ సమావేశంలో మీ ఆయన చేత అనువాదం చేయించకండి. కొడుకు గురించి తండ్రి అనువదిస్తే మధ్యలో కొన్ని మింగేస్తాడు, కొన్ని కలుపుతాడు. కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం అక్కడి బడుల్లో సెటిల్‌మెంట్ వర్కర్లు ఉంటారు, స్విస్ అంటారు వాళ్లను. డబ్బు కట్టక్కర్లేదు. ఫార్సీ వచ్చినవాళ్లు కావాలని ముందే అడగండి.

ఇప్పుడు ఫార్సీ. మీ ఆయన ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం తిరగబడింది. పిల్లాడు బడిలో ఆరు గంటలు మూగవాడు. ఇంటికొచ్చాక కూడా తండ్రి తనకు రాని భాషలో మాట్లాడుతుంటే రోజు మొత్తంలో వాడికి వచ్చిన భాషలో ఒక్క గంట కూడా మిగల్లేదు. జూన్‌లో తను ఏం చూశాడో ఇంగ్లీషులో ఎవరికి చెబుతాడు? ఇంకో నష్టం కూడా ఉంది. పిల్లాడి మౌనం కొత్త భాష వల్లనా, భయంతో గొంతు పట్టేసిందా తేల్చడానికి ఒకటే గుర్తు: తన భాషలో, తనవాళ్లతో మామూలుగా మాట్లాడుతున్నాడా? మీ ఇంట్లో ఆ భాషే లేదు కాబట్టి డాక్టరడిగినా మీరు జవాబు చెప్పలేరు. నిషేధం ఎత్తేసి మూడు వారాలు చూడండి. తండ్రితో ఫార్సీలో వాగుతూ బడిలో మాత్రం మౌనంగా ఉంటే ఓపిక పట్టవచ్చు. తండ్రితో ఫార్సీలో కూడా నోరు పెగలకపోతే ఫిబ్రవరి దాకా ఆగకండి.

తండ్రి ఎప్పుడూ ఫార్సీ, మీరు ఇంగ్లీషు, పాపతో మీకు అలవాటైన తెలుగు. ఇది చాలా ఇళ్లలో నడిచే పద్ధతి. అందరూ ఫార్సీలోకి మారితే భోజనాల దగ్గర మీరూ పాపా పరాయివాళ్లవుతారు. అలా కాకుండా ఆయన అన్న మాట మీకు అర్థమయ్యేలా పిల్లాడే చెప్పాలని ఒక ఆట పెట్టండి, ఇంగ్లీషు దానంతట అదే బయటికొస్తుంది. హోంవర్కులో విషయం ఫార్సీలో చెప్పడం, జవాబు ఇంగ్లీషులో రాయడం. ఫార్సీ చదవడం, రాయడం రోజుకు ఇరవై నిమిషాలు ఉండాలి. మీ ఆయన అన్నట్టు ఎప్పుడైనా తిరిగి వెళ్లే మాటే నిజమైతే, అక్షరం మరిచిపోయి అక్కడ కూడా వెనకబడతాడు. ఇంగ్లీషొక్కటే అన్నవాళ్లు ఈ సంగతి ఆలోచించరు.

శనివారం ఫార్సీ బడి మరో దారి. ఇరానీ కుటుంబాలు ఎక్కువగా ఉండేది మీ వైపు కాదు. నార్త్ యార్క్‌లో యంగ్ స్ట్రీట్ పొడుగునా, పైన రిచ్‌మండ్ హిల్‌లో ఉంటారు. మీకు అటూ ఇటూ కలిపి రెండు గంటల ప్రయాణం, శనివారం సగం పోతుంది. కానీ అక్కడ పుట్టి పెరిగిన ఇరానీ పిల్లల మధ్య మీ బాబు ఫార్సీలో మొదటివాడవుతాడు. వారానికి ఒక పూటైనా తాను తెలివైనవాణ్ణని వాడికి తెలియాలి, ఆ పెట్రోలు ఖర్చు దండగ కాదు. ఇల్లు అటు మార్చేద్దామనిపిస్తే జూన్ దాకా ఆగండి, ఏడాది మధ్యలో ఇంకో బడి మారితే మూడు నెలల పరిచయాలు కూడా పోతాయి.

నానమ్మ కాల్ చూడండి. మీరు రాసినదాన్ని బట్టి రాత్రి తొమ్మిదింటికి, మీ పని ముగిశాక చేస్తున్నారు. టెహ్రాన్‌లో అప్పుడు తెల్లవారి అయిదున్నర. చలికాలంలో అక్కడి గడియారం మీకన్నా ఎనిమిదిన్నర గంటలు ముందు. ఆవిడ నిద్రకళ్లతో, ఏడుపు ముఖంతో కనిపిస్తుంది. వీడు నిద్రకు ముందు ఆ ముఖం చూస్తాడు. తిప్పుకోక ఏం చేస్తాడు? శని, ఆదివారాల్లో ఉదయం తొమ్మిదికి చేయండి, అక్కడ సాయంత్రం అయిదున్నర అవుతుంది. 'ఎలా ఉన్నావు నాన్నా' అని కూర్చోబెట్టకుండా ఏదో ఒక పని మధ్యలో మాట్లాడించండి, ఆవిడ కూర తరుగుతూ, వీడు బొమ్మ గీస్తూ. పది నిమిషాలు చాలు.

తిండి, పక్క తడపడం కలిపి చెబుతున్నాను, ఎందుకంటే రెండిటికీ బడి మరుగుదొడ్డితో సంబంధం ఉండవచ్చు. ఇరాన్ ఇళ్లలో నీళ్ల పైపు లేని మరుగుదొడ్డి ఉండదు. ఇక్కడ కాగితం తప్ప ఏమీ లేదు, తలుపు కింద పెద్ద ఖాళీ. అలాంటి చోటికి పోవడం ఇష్టం లేని పిల్లలు పొద్దున్నుంచి బిగబట్టుకుంటారు. నీళ్లు తాగరు, తింటే వెళ్లాల్సి వస్తుందని తినరు. మలబద్ధకం పట్టుకుంటుంది, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కి రాత్రి పక్క తడుస్తుంది. దీపావళి భయం దాని మీద ఇంకో పొర. మనకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు, మగ్గు లేని బాత్రూమ్ చూసి మనం పడ్డ అవస్థ మనకు తెలుసు. తండ్రి చేత ఫార్సీలో, ఇద్దరే ఉన్నప్పుడు, సూటిగా అడిగించండి: బడిలో ఒంటేలుకు వెళ్తున్నావా, రెండుకు వెళ్తున్నావా? లేదంటే బ్యాగులో చిన్న నీళ్ల సీసా, తడి వైప్‌ల పొట్లం పెట్టండి. వైప్‌లు కమోడ్‌లో వేయకూడదు, చెత్తబుట్టలోనే వేయాలని చెప్పండి. విడిగా ఒక్కరే వెళ్లే బాత్రూమ్ వాడుకోనివ్వమని టీచరుకు రెండు వాక్యాలు రాయండి. ఇలాంటి విన్నపాన్ని బడులు సాధారణంగా కాదనవు.

డాక్టరు దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లండి. ఆగిపోయిన అలవాటు మళ్లీ వచ్చినప్పుడు మూత్రంలో ఇన్ఫెక్షన్, చక్కెర చూడటం తప్పనిసరి. మంచం మీద నీళ్లు దిగని కవరు, దాని మీద దుప్పటి, మళ్లీ కవరు, మళ్లీ దుప్పటి వేసి ఉంచితే రాత్రి పైవి లాగేసి పడుకోవచ్చు. ఇల్లంతా లేవక్కర్లేదు. పాప ముందు ఆ ఊసే వద్దు.

డబ్బా గురించి ఇంకో మాట. ఇరాన్‌లో బడికి చిన్న చిరుతిండి పట్టుకెళ్తారు, అసలు భోజనం ఇంటికొచ్చాక. ఇరవై నిమిషాల్లో డబ్బా ఖాళీ చేయడం వాడికి అలవాటు లేదు. మన పులిహోర, సాంబారు అన్నం ఇరానీ నాలుకకు మంట. రొట్టెలో పన్నీర్, దోసకాయ ముక్కలు పెట్టండి, ఆకుకూరల కూకూ ఆమ్లెట్ చుట్టి ఇవ్వండి, లేకపోతే మాంసం, బంగాళాదుంప కలిపి చేసే కోత్లెత్. చేత్తో మూడు నిమిషాల్లో తినేవి కావాలి. పిస్తా, వాల్‌నట్ ఉన్నవేవీ పెట్టకండి, చాలా బడుల్లో గింజలు నిషేధం. నానమ్మ పంపిన గజ్, అంటే ఆ పిస్తా మిఠాయి, ఇంట్లోనే తిననివ్వండి. పిజ్జా రోజున వాడొక్కడే తినలేదని రాశారు. అది తారోఫ్. ఎవరైనా ఏదైనా పెడతానంటే రెండు మూడుసార్లు వద్దనాలి, వాళ్లు బలవంతం చేయాలి, అప్పుడు తీసుకోవాలి. చిన్నప్పటి నుంచి అదే మర్యాద అని నేర్పారు. టీచరు ఒక్కసారే అడుగుతుంది, వద్దంటే నిజంగానే వద్దనుకుంటుంది. 'ఇక్కడ ఒక్కసారే అడుగుతారు' అని వాడికి చెప్పి, ఇంట్లో నాలుగు రోజులు ఆడించండి. మీరు ఒక్కసారే అడిగి ప్లేటు తీసేయడం, వాడు ముందే 'యెస్ ప్లీజ్' అనడం. నవ్వుకుంటూ నేర్చుకుంటాడు.

భయం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. దీపావళి అక్టోబరు 20న. నెల దాటింది. పీడకలలు, ఉలికిపాటు, కొన్ని చోట్లకు రానని మొండికేయడం కూడా ఉంటే పక్క తడపడం గురించి వెళ్లినప్పుడే డాక్టరుకు యుద్ధం సంగతి చెప్పండి. చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. పిల్లల వైద్యుడికి రాసిస్తే ఓహిప్ భరిస్తుంది. ప్రైవేటు సైకాలజిస్టుకు భరించదు, మీ ఆయన ఉద్యోగం ఇన్సూరెన్సులో ఎంత వస్తుందో చూసుకోండి. ఫార్సీ వచ్చిన, పిల్లలతో పనిచేసిన అనుభవమున్న మనిషి కావాలి. ఫార్సీ ఒక్కటీ ఉంటే సరిపోదు. ఇంట్లో రోజంతా ఫార్సీ శాటిలైట్ వార్తలు నడుస్తున్నాయేమో, మీ ఆయన ఫోనులో పేలుళ్ల వీడియోలు చూస్తున్నారేమో గమనించండి. పిల్లాడు ఇంట్లో ఉన్నంతసేపు అవి ఆగాలి.

ఒంటారియో బడుల్లో ఏడాదికి కనీసం రెండుసార్లు లాక్‌డౌన్ డ్రిల్, అంటే ఎవరైనా దుండగుడు బడిలోకి చొరబడితే ఎలా దాక్కోవాలో అభ్యాసం, చేస్తారు. లైట్లు ఆర్పి, పిల్లలను మూల కూర్చోబెట్టి, చప్పుడు చేయొద్దంటారు. టెహ్రాన్ జూన్ చూసిన పిల్లాడికి అది ఆట కాదు. డ్రిల్ జరిగే రోజు మీకు ముందుగా చెప్పమని ఆఫీసులో రాసివ్వండి. ముందు రాత్రి తండ్రి ఫార్సీలో చెప్పాలి, ఆ పూట ఎవరైనా పెద్దవాళ్లు వాడి పక్కన కూర్చోవాలి. బాణసంచాకు తేదీలు ముందే తెలుసు: డిసెంబరు 31 అర్ధరాత్రి, 2026లో మే 18న వచ్చే విక్టోరియా డే, కెనడా డే జులై 1. ఆ రాత్రులు కిటికీ మూసి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, ఇప్పుడు ఎక్కడ ఎవరు కాలుస్తున్నారో చెబుతూ తండ్రి పక్కనే ఉండటం. ఇదే పిల్లాడు రెండేళ్ల కిందట ఇరానీ కొత్త సంవత్సరానికి ముందొచ్చే చహార్షంబే సూరి పండగ రాత్రి మంటల మీద గెంతుతూ టపాకాయలు కాల్చి ఉంటాడు. ఇప్పుడే అందులోకి తోసి భయం పోగొడదామని మాత్రం అనుకోకండి.

మిమ్మల్ని ఏమని పిలవాలన్న మాటకొస్తే, 'ఖాలే' అంటే అమ్మకు అక్కో చెల్లెలో. ఇరాన్‌లో పిల్లలు అమ్మ స్నేహితురాళ్లను కూడా ఇష్టంగా అలాగే పిలుస్తారు. వాడు మీకు ఇచ్చిన చోటు అది, చిన్నది కాదు. 'అమ్మా' అనమని ఒత్తిడి చేస్తే టెహ్రాన్‌లో ఉన్న తల్లిని వదులుకోమన్నట్టు వినిపిస్తుంది. మీరు ఏం చేయగలరంటే, ఈ డిసెంబరు 21 ఆదివారం రాత్రి యల్దా, ఏడాదిలో అతి పొడుగైన రాత్రికి ఇరానీలు చేసే పండగ. దానిమ్మ, పుచ్చకాయ తెచ్చి బల్ల మీద పెట్టండి. మర్నాటి నుంచి బడికి సెలవులే, ఎంతసేపు మేలుకున్నా పరవాలేదు. 2026 మార్చిలో మీకూ వాడికీ పండగలు ఒక రోజు తేడాతో వస్తున్నాయి. ఉగాది 19 గురువారం, నౌరూజ్, అంటే ఇరానీ కొత్త సంవత్సరం, ఘడియ 20 శుక్రవారం ఉదయం 10 గంటల 46 నిమిషాలకు. బడికి మార్చ్ బ్రేక్ సెలవులు కూడా. మార్చి 7, 8 తేదీల్లో అర కప్పు గోధుమలు వాడి చేత నానబెట్టించండి. ఒక రోజు నీళ్లలో, రెండు రోజులు తడిగుడ్డలో, తర్వాత పళ్లెంలో పరిచి రోజూ నీళ్లు చిలకరించాలి. నీళ్లు నిలిస్తే బూజు పట్టి వాసన కొడుతుంది. నౌరూజ్‌కు ఏడు వస్తువులు పేర్చే హఫ్త్ సీన్ బల్ల మీదికి సబ్జే, అంటే గోధుమ మొలకల పళ్లెం, సిద్ధమవుతుంది. ఎలా పెట్టాలో మీకు తెలియదు, వాడికి తెలుసు. మిమ్మల్ని వాడే నడిపించనివ్వండి.

చివరికి, పంపడం. శాశ్వతంగా పంపితే మీకు మాట రావడం ఒక్కటే కాదు నష్టం. వాడికి పీఆర్, అంటే కెనడాలో శాశ్వత నివాస హక్కు, నిలబడాలంటే అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. నానమ్మ వయసు పైబడుతోంది, తల్లికి వేరే సంసారం ఉంది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ తీసుకొస్తే పద్నాలుగేళ్లప్పుడు ఇదంతా మొదటికొస్తుంది, అప్పుడు ఇంకా కష్టం. 18 నిండితే అక్కడ సైనిక సేవ తప్పనిసరి, అది తేలేదాకా దేశం దాటి రావడం చేతిలో ఉండదు. వేసవికి మాత్రమే పంపుదామంటే, ఇరాన్‌కు అసలు వెళ్లొద్దనే కెనడా ప్రభుత్వం చెబుతోంది. టెహ్రాన్‌లో కెనడా రాయబార కార్యాలయం 2012లోనే మూసేశారు. ఏదైనా ఇరుక్కుంటే సాయం చేసేవాళ్లుండరు. విమానాలు ఆగిపోతే సెప్టెంబరుకు తిరిగి రాలేడు. అలాగని పిల్లాడికి నానమ్మను చూపించకుండా ఉండలేరు. ఇరాన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు టర్కీకి వీసా అక్కర్లేదు. ఆవిడను ఇస్తాంబుల్ రమ్మని, మీ ఆయన బాబును తీసుకెళ్లి పదిహేను రోజులు కలిసి ఉండి రావచ్చు. ఖర్చవుతుంది, ఆవిడకు ప్రయాణం చేసే ఓపిక ఉందో లేదో అడగాలి, విడిపోయే రోజు మళ్లీ ఏడుపులు తప్పవు. అయినా ఉన్నవాటిలో ఇది మెరుగు. బయల్దేరే ముందు బాబు పీఆర్ కార్డు గడువు చూసుకోండి, అది లేకపోతే తిరుగు విమానం ఎక్కనివ్వరు. ఇరాన్ పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే వాషింగ్టన్‌లో పాకిస్తాన్ ఎంబసీ కింద నడిచే ఇరాన్ విభాగానికి పంపాలి, నెలలు పట్టవచ్చు.

ఇంకొకటి, మీ ఆయన కెనడా పౌరుడు కాబట్టి పీఆర్ ఉన్న మైనరు కొడుక్కి పౌరసత్వానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టవచ్చు. పెద్దవాళ్లకు అడిగే 1095 రోజుల నివాసం వాడికి వర్తించదు. ఇరాన్ మాత్రం వాణ్ణి తన పౌరుడిగానే చూస్తుంది, అక్కడి సైనిక సేవ బాధ్యత దీంతో పోదు. ప్రయాణం మాట ఎత్తే ముందు ఈ కాగితాలు మొదలుపెట్టమని ఆయనకు చెప్పండి.